సలహా యొకచోట, బేర మొకచోట

సత్యము, అహింస, దానము మున్నగు పెద్ద మాటలనుగూర్చి వాదించుట మనకందఱకు నలవాటే. ఆ వాదములలో మనమెల్లరమును ధర్మపక్షముననే నిలుతుము. ఏలయన అచ్చట మనకు ఖర్చేమియు లేదు. ధర్మము మనలను నిజముగా పరీక్షించునది పది రూపాయల వస్తువును కొనునప్పుడు. అట్టి తరుణమున మాకు కలిగిన యొక సందేహమును చదువరుల యెదుట నుంచదలచితిమి. విషయము మిక్కిలి చిన్నది. గిటారు వాయించు నొక కుఱ్ఱవాడు తన వాద్యమునకు వలయు నొక చిన్న పరికరమును తన చేతితోనే కట్టుకొనదలచెను. దానికి కావలసిన సామానులను కరీంనగరములోని యంగడిలో కొనవలెనా, లేక దూరపు వర్తకునివద్దనుండి తెప్పించుకొనవలెనా? ఇంతే ప్రశ్న. కాని దీనిని విప్పుచు పోగా మాకు జవాబు అంత సులభముగా దొరకలేదు.

మొదట ఆ పరికరమెట్టిదో చెప్పవలెను. దానిని పెడల్ అందురు. అది అఱచేయంత పెట్టె. గిటారునకును, దాని ధ్వనిని హెచ్చించు యాంప్లిఫయరునకును నడుమ దీనిని తగిలించి, కాలితో మీటను నొక్కినచో తంత్రీనాదము మాఱిపోవును. నాదమును బొంగురుపఱచి గర్జింపజేయు పెడళ్ళకు ఫజ్ అని పేరు. వానిలో ప్రసిద్ధికెక్కిన ఫజ్ ఫేస్ అనునది 1966లో ఇంగ్లాండున వెలువడినది. ప్రపంచప్రసిద్ధులగు వాద్యకారులు వాడిన ఆ పెట్టెను విప్పి చూచినచో లోపల నున్నవి రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు వాల్యూమ్ కంట్రోళ్ళు మాత్రమే. ఈ పదునొకండింటిని 9 వోల్టుల బ్యాటరీకి కలిపి టంకము వేసినచో పని ముగిసినట్లే. అందుచేతనే లోకమంతట ఔత్సాహికులగు పిల్లలు ఈ విద్యను దీనితోనే మొదలుపెట్టుచున్నారు. మా మేనల్లుడును దీనితోనే మొదలుపెట్టెను.

వాడు కరీంనగరమున పాలిటెక్నిక్ చదువుచున్నాడు. టవర్ సర్కిల్ దాపున నొక సందులో పాత యంగడి యొకటి గలదు. గోడ పొడవున చిన్న చిన్న సొరుగులు, వానిపై మాసిన చీటీలు, బల్లమీద విప్పి పెట్టిన యాంప్లిఫయరు, ప్రక్కన పొగలు గ్రక్కుచున్న సోల్డరింగు కడ్డీ. యజమానికి అఱువది యేండ్లు దాటియుండును. మావాడు తనకు జర్మేనియం ట్రాన్సిస్టర్లు కావలెనని యడుగగా ఆయన నవ్వి యిట్లనెనట: "ఏసీ నూటిరవై ఎనిమిది ఇప్పుడెక్కడిది బిడ్డా? పాత రేడియోలల్లకెల్లి తీసినయి రెండు మూడున్నయి. గని వాటికి ముందుగాల లీకేజి చూస్కోవాలె. నీకు సిలికానే మంచిగుంటది. బీసీ నూటెనిమిది దొరకకుంటె బీసీ ఐదు నలభయ్యేడు పెట్టు. కాళ్ళు మాత్రం చూస్కొని పెట్టు."

అట్లని యూరకుండక, ఆయన ఒక పాత బిల్లు వెనుక ట్రాన్సిస్టరు బొమ్మ గీసి, ఏ కాలు కలెక్టరో, ఏది బేసో, ఏది ఎమిటరో గుర్తుపెట్టి, అమెరికా నమూనాలలో ఆ వరుస తలక్రిందుగా నుండుననియు హెచ్చరించెను. ఏ రెసిస్టరును మార్చిన నాదమెట్లు మాఱునో చెప్పెను. ఆ మాటలలో అరగంట గడచినది. అన్నిటికిని వెల కట్టగా పెట్టెతోను జాకులతోను కలిపి 640 రూపాయలైనది. మావాడు కాగితమును మడచి జేబులో పెట్టుకొని, "రేపొస్త కాకా" యని చెప్పి యింటికి వచ్చి, సెల్‌ఫోనులో వెదకి, అవే సామానులను 410 రూపాయలకు దూరపు వర్తకునివద్దనుండి తెప్పించుకొనెను.

నీతికథలలోనైనచో ఆ సామానులు నకిలీవై, పెడల్ మూగదై, కుఱ్ఱవానికి బుద్ధి వచ్చియుండవలెను. ఇచ్చట నట్లు జరుగలేదు. నాలుగు దినములలో పొట్లము చేరినది. సామానులన్నియు మంచివే. పెడల్ మొదటిసారియే పలికినది. వాని కానందము, మా కానందము. ఆనాటి సాయంకాలము బల్లమీద ఆ పాత బిల్లును చూచి, "ఇదెవరు గీసినది?" అని మేమడుగగా వాడు జరిగినదంతయు దాచక చెప్పెను. వాడు సిగ్గుపడలేదు, మేమును కోపపడలేదు. కాని మనస్సున ఏదియో ముల్లువలె గ్రుచ్చుకొన్నది. ఆలోచింపగా ఆ ముల్లు వానికంటె మాకే తగినదని తోచినది. వస్త్రాలయమున చీరను చేతబట్టి, రంగు చూచి, నేత చూచి, ఆ చీరనే వెల తక్కువగా మఱియొకచోట తెప్పించుకొన్న గృహములు ఎన్ని లేవు? పుస్తకశాలలో నిలిచి సగము చదివి, పుస్తకమును మఱియొకచోట కొన్నవారమే మేమును. కనుక ఈ విచారము కుఱ్ఱవానిపై తీర్పుగాక, మనపై విచారణగానే సాగవలెను.

ముందుగా వానిపక్షమున చెప్పదగినదంతయు చెప్పుదము. వర్తకుడు సలహాకు వెల యడుగలేదు. కొనియెదనను ఒడంబడికయు లేదు. వెల తక్కువయైన చోట కొనుట కొనువాని స్వాతంత్ర్యము. 230 రూపాయలు విద్యార్థికి చిన్న మొత్తము గాదు. అదియునుగాక, అడుగవచ్చిన ప్రతివాడును కొనితీరవలెనన్నచో అంగడిలో అడుగు పెట్టుటకే జనులు జంకుదురు. ఇవన్నియు నిజమే. న్యాయస్థానమున ఈ వాదమే గెలుచును.

కాని వాడు "రేపొస్త కాకా" యని యేల యనెను? "నీ సలహా తీసికొని సామానును వేఱొకచోట కొనెదను" అని యేల యనలేదు? ఆ మాట ముఖముమీద చెప్పుటకు నోరు రాలేదు. మనము చేయు పనిని ఎదుటివానికి చెప్పలేకపోవుటయే దానిలో నేదియో కొఱత గలదనుటకు గుఱుతు. కొనకపోవుట తప్పుగాదు. కొనువానివలె నటించి అరగంట కాలమును, నలువదియేండ్ల యనుభవమును తీసికొనిపోవుట మాత్రము తప్పే. న్యాయస్థానమునకు దొరకని తప్పులకే మనస్సాక్షి యవసరము.

ఇక రెండవ వాదము స్వదేశీవాదము. మన ఊరి యంగడిలోనే కొనవలెను, అది దేశభక్తి యని కొందఱందురు. ఈ వాదమును పరీక్షింపక యంగీకరించుట తగదు. కరీంనగరపు సొరుగులోని రెసిస్టరును, టపాలో వచ్చిన రెసిస్టరును రెండును తఱచుగా చీనాదేశపు కర్మాగారములలోనే పుట్టినవి. ఒకటి స్వదేశి, మఱియొకటి విదేశి యనుటకు వీలులేదు. ఐనను 1916 ఫిబ్రవరిలో చెన్నపట్టణమున క్రైస్తవ మిషనరీల సభలో ప్రసంగించుచు గాంధీమహాత్ముడు స్వదేశికి చెప్పిన యర్థమును తలచుకొన్నచో వేఱొక వెలుగు కనబడును. ఆయన దృష్టిలో స్వదేశి యనగా సరకు పుట్టిన చోటుమాత్రమే గాదు. దూరపువానికి ముందు, మన చుట్టునున్నవానిని, పొరుగువానిని సేవించుట. ఆ లెక్కన చూచినచో ప్రశ్న మాఱిపోవును. ఆ సొరుగులో మన ఊరిదేమున్నది? వస్తువు మన ఊరిది గాదు. ఆ వస్తువునుగూర్చి తెలిసిన మనుష్యుడు మన ఊరివాడు.

ఆ తెలివి ఆయనకెట్లు వచ్చినది? ఒక్క తరములో వచ్చినది గాదు. బెంగుళూరున 1954లో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1960వ దశకపు ఆరంభమున జర్మేనియం ట్రాన్సిస్టర్లను తయారుచేయ మొదలిడినది. పిమ్మట పల్లెపల్లెకును ట్రాన్సిస్టరు రేడియోలు వ్యాపించినవి. 1967లో హైదరాబాదున ఈ.సి.ఐ.ఎల్. వెలసి, కొన్నియేండ్లకు టెలివిజన్లను గూడ చేసినది. 1982 ఏషియాడ్ క్రీడలతో రంగుల టెలివిజన్ దేశమునకు వచ్చినది. ఇంతలో కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములనుండి బ్రదుకుతెరువు వెదకికొనుచు గల్ఫ్ దేశములకు పోయినవారు సెలవులకు వచ్చునప్పుడు టేప్ రికార్డర్లను మోసికొని వచ్చుచుండిరి. ఎడారి యెండలో సంపాదించి తెచ్చిన ఆ పెట్టె పలుకుట మానినచో దానిని పాఱవేయుటకు మనసొప్పునా? మరమ్మతు చేయు చేతులు కావలసివచ్చినవి. ఆ చేతులు పటము లేకయే పనిచేసినవి; భాగము దొరకనప్పుడు దానికి బదులేదియో కనిపెట్టినవి. ఇట్టి యంగళ్ళు మన జిల్లాలలో పెరిగినది ఆ యవసరముననే.

నేడు ఆ యవసరము తఱిగిపోయినది. రేడియో సెల్‌ఫోనులో కరగిపోయినది. చెడిన టెలివిజనుకు లోపలి పలకనంతయు మార్చుదురేగాని ఒక్క కెపాసిటరును మార్చువారరుదు. అంగటివాడు బోరు మోటారు కెపాసిటర్లను, ఎల్.ఇ.డి. బల్బులను, గణేశోత్సవమునకును బతుకమ్మకును అద్దెకిచ్చు మైకుసెట్ల భాగములను, 4440 ఐ.సి.తో కట్టిన యాంప్లిఫయరు బోర్డులను, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్లను అమ్మి బ్రదుకుచున్నాడు. గోడ పొడవున నున్న సొరుగులలోని చిల్లర భాగములను అడుగువారు ఇప్పుడు పాలిటెక్నిక్ పిల్లలును, మా మేనల్లునివంటి గిటారు పిచ్చివాండ్రును మాత్రమే. వారును అడిగి వెళ్ళిపోయినచో ఆ సొరుగులను తుక్కువానికి తూచి యిచ్చి, అచ్చట సెల్‌ఫోను తొడుగులను వ్రేలాడదీయుట యజమానికి లాభము. అప్పుడు పోవునవి సొరుగులు మాత్రమేనా?

దూరపు వర్తకునివద్ద లక్ష రకముల భాగములుండును; వాని కొలతల పట్టికయు నుండును. కాని పట్టికలో లేని సంగతులు గలవు. జర్మేనియం ట్రాన్సిస్టరునే చూడుడు. వేడిమి పెరిగినకొలది దానిలో నూరక పాఱు విద్యుత్తు, అనగా లీకేజి, పెరుగును. చౌక మీటరు ఆ లీకేజిని గూడ కలుపుకొని, ట్రాన్సిస్టరు బలము ఎక్కువని చూపి మోసగించును. ఆదిలాబాదున చలికాలపు రాత్రులు 5 డిగ్రీల దాపునకు దిగును. వేసవి పగళ్ళు 45 డిగ్రీల దాపునకు ఎక్కును. జనవరిలో ఇంపుగా గర్జించిన ఫజ్ మే నెలలో గొంతు తెగినట్లు తుంపులు తుంపులుగా పలుకుటకు కారణమిదియే. ఇంగ్లాండు చలిలో పుట్టిన పటమును మన యెండలో అట్లే కట్టరాదు. "నీకు సిలికానే మంచిగుంటది" అను నొక్క వాక్యములో ఈ యనుభవమంతయు నిమిడియున్నది. కుఱ్ఱవాడు 410 రూపాయలకు కొన్న సామానులు మొదటిసారియే పలికినవన్నచో, దానికి కారణమైన జ్ఞానము ఆ 410 రూపాయలలో లేదు. దానిని వాడు ఉచితముగా ఇంటికి తెచ్చుకొనెను.

ఇచ్చట మాకు కరీంనగరపు మఱియొక వృత్తి జ్ఞప్తికి వచ్చుచున్నది. వెండిని సన్నని తీగలుగా లాగి, మెలిపెట్టి, పెట్టెలును పళ్ళెరములును అల్లు ఫిలిగ్రీ పనికి ఈ ఊరు పేరుపడినది. ఆ పని చేయించుకొన్న గృహిణి వెండికి వెల యొకటి, పనికి మజూరి యొకటి యని రెండు లెక్కలు చెల్లించును. వెండి ధర అంతటను ఒక్కటియే గదా, మజూరి యెందుకని యామె యడుగదు. తీగను మెలిపెట్టిన వ్రేళ్ళకు వెల గలదని ఆమెకు తెలియును. ట్రాన్సిస్టరు అంగడిలోను మజూరి గలదు. కాని అది వేఱుగా వ్రాయబడదు. రెసిస్టరు వెలలోనే కలిసియుండును. 640కిని 410కిని నడుమనున్న 230 రూపాయలలో కొంత అద్దె, కొంత లాభము. మిగిలినది ఆ చెప్పుటకు, గీయుటకు, హెచ్చరించుటకు మజూరి. రెండు లెక్కలను ఒకే బిల్లులో వ్రాయుటచేత రెండవ లెక్క మన కంటికి కనబడకపోయినది. కనబడనిదానిని లేనిదని తలచుట మన పొరపాటు.

ఆదిలాబాదు గోండుల సంప్రదాయమును గూడ చూడవచ్చును. వారి వంశగాథలను, దేవతల కథలను కంఠస్థముగా నిలుపుకొని, కమానుతో కింగ్రిని వాయించుచు గానము చేయువారు పర్ధానులు. 1940వ దశకమున క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అను పండితుడు ఆ గోండుల నడుమ నివసించి ఈ సంబంధమును వివరముగా వ్రాసెను. గోండు గృహస్థుడు పర్ధానునకు ఒక్కొక్క పాటకు ధర కట్టి యిచ్చుటగాదు. పండుగలకును శుభాశుభములకును కానుకలిచ్చుచు ఆ కుటుంబమును నిలుపును. ఏలయన కావలసిన దినమున కథ తెలిసినవాడుండవలెనన్నచో, అక్కఱ లేని దినములలోను అతడు బ్రదికియుండవలెను. ఈ కట్టుబాటును నేటి యంగళ్ళకు ఉన్నదున్నట్లు తేవలెనని మేమనము. అందలి ఎఱుకను మాత్రము మఱవరాదందుము. తెలివి బ్రదుకవలెనన్నచో దానిని మోయు మనుష్యుడు బ్రదుకవలెను.

అట్లయిన ఇది దయాధర్మమా? కాదు. "పాపము, చిన్న వర్తకుడు" అని జాలిపడి కొనుటను మేము సమర్థింపము. జాలి యిచ్చువానిని పెద్దను చేసి పుచ్చుకొనువానిని చిన్నను చేయును. రెండు నెలలలో అలసిపోవును. మేము చెప్పునది బాకీ. తీసికొన్నదానికి చెల్లించుటకు జాలి యక్కఱలేదు.

బాకీ యనునది రెండువైపుల నుండును గనుక అంగటివాని ధర్మమును గూడ చెప్పకున్నచో మా మాట పక్షపాతమగును. వానికి రావలసిన మజూరి నిజము చెప్పుటకేగాని అబద్ధమునకు గాదు. ట్రాన్సిస్టర్లపైని ఐ.సి.లపైని పాత యక్షరములను గీకివేసి, ఎక్కువ వెలగల పేరును అచ్చొత్తి యమ్ము మోసము లోకమంతట వ్యాపించియున్నది. సొరుగులోనికి వచ్చిన సరకు అట్టిదని యెఱిగియు "ఒరిజినల్" అని యమ్మువానికి మజూరి యడుగు హక్కు లేదు. తెలియనప్పుడు తెలియదనుట, పాతదానిని పాతదనుట, మీటరుపై పెట్టి చూపుమన్నప్పుడు విసుగుకొనకుండుట వాని ధర్మములు. 9 వోల్టుల పెడల్ పొరపాటున ప్రాణము తీయదు. కాని 230 వోల్టుల యింటి కరెంటుతో నడచు యాంప్లిఫయరు అట్టిది గాదు. వాల్వులతో కట్టినదానిలో 300 వోల్టులు సయితముండును. స్విచ్చు కట్టివేసిన పిమ్మటను కెపాసిటర్లలో ఆ విద్యుత్తు కొంతసేపు దాగియుండును. అట్టిదానిని కట్టబోవు పిల్లవానికి తక్కువ వోల్టేజి కెపాసిటరును అంటగట్టి, ఫ్యూజును ఎర్తు తీగను గూర్చి మాటయైన చెప్పనివాడు వర్తకుడు గాడు.

మఱియొక సంగతి. పాలిటెక్నిక్ చదువుచున్న ఆడుపిల్ల ఇట్టి యంగడికి పోయినప్పుడు "మీ అన్నకా అమ్మా? ఆయన్నే పంపించు" అను మాట వినవలసివచ్చుచున్నదని మేమెఱుగుదుము. మగపిల్లవానికి అరగంట చెప్పిన చోట ఆమెకు రెండు నిమిషములైన దొరకవు. అట్టి యంగడిని విడిచి, ఎవ్వరును ప్రశ్నింపని దూరపు వర్తకునివద్ద ఆమె కొనుక్కొన్నచో తప్పెవ్వరిది? పొరుగుతనమును కోరువాడు ముందు పొరుగువానివలె ప్రవర్తింపవలెను. ఊరి యంగడి అందఱి యంగడి యైననే ఊరివారిపై దానికి హక్కు.

హద్దులును గలవు. కరీంనగరమునుండి హైదరాబాదునకు సుమారు 160 కిలోమీటర్లు. కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒక పూట తిరిగినచో కావలసినవి పెక్కు దొరకును. ఆదిలాబాదునకు హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. అచ్చటివారికి 200 కిలోమీటర్లలోనున్న నాగపురమే దగ్గఱ. ఇక ఉట్నూరులోనో ఆసిఫాబాదులోనో ఉన్న పిల్లవాని మాటయేమి? కాలితో నొక్కెడి తొమ్మిది కాళ్ళ స్విచ్చు వానికి ఆ ఊర నెక్కడ దొరకును? వానికి కొరియరు వరము. ఇదివఱకు రాజధానులలోని పిల్లలకే అందుచుండిన విద్య ఇప్పుడు అడవి యంచుననున్న గ్రామమునకు గూడ అందుచున్నది. దీనిని నిందించువాడు సంస్కరణ పక్షమువాడు గాడు. ఊరిలో లేనిదానిని దూరమునుండి తెప్పించుకొనుటలో దోషమిసుమంతయు లేదు. ఊరిలో నడిగి, ఊరిలో తెలిసికొని, ఊరిలో దొరకుచున్నదానిని దాచిపెట్టి తెప్పించుకొనుటలోనే దోషము.

పేద విద్యార్థి మాట మిగిలియున్నది. 230 రూపాయలు నిజముగా లేనివాడేమి చేయవలెను? బాకీని రొక్కముతోనే తీర్పవలెనని యెచ్చటను లేదు. "కాకా, నావద్ద నాలుగు వందలే యున్నవి, స్విచ్చును పెట్టెను బయటనుండి తెప్పించుకొందును, తక్కినవి నీవద్ద తీసికొందును" అని ముందుగా చెప్పవచ్చును. పదిమంది స్నేహితులను ఆ యంగడికి తీసికొనిపోవచ్చును. తాను నేర్చినదానిని ఆయనకు తిరిగి చెప్పవచ్చును. పేదతనము నిజము చెప్పుటకు అడ్డురాదు. అడ్డువచ్చునది మొగమాటము, దానికి ధనికులును పేదలును సమానమే.

ఈ యాలోచనలన్నియు మేము మా మేనల్లునికి ఉపన్యాసముగా చెప్పలేదు. చెప్పినను వినెడివాడు గాడు. "ఆ కాకాకు నీ పెడల్ చూపించితివా?" అని మాత్రమడిగితిమి. వాడు కొంచెము సేపు మాటలాడలేదు. తరువాతి యాదివారము మమ్ములను గూడ వెంటబెట్టుకొని పోయెను. సామానులను బయట కొన్న సంగతి తానే చెప్పెను. యజమాని కోపపడునేమో యని మేము సందేహించుచుండగా, ఆయన పెట్టెను త్రిప్పి చూచి, టంకము వేసిన తీరును వ్రేలితో తడవి, "ఈడ జెర పొడి టంకమున్నది, మల్ల కాల్చు" అని, పిమ్మట ఎంతకు దొరకినదని యడిగెను. 410 అని చెప్పగా, "నాకే ఆ ధరకు రాదు బిడ్డా" అని నవ్వెను. ఆ నవ్వులో నిందలేదు. కాని మాకు తలయెత్తి చూచుట కష్టమైనది. సలహాకేమైన పుచ్చుకొనుడని మేము రూపాయలు తీయబోగా ఆయన చేయి యడ్డుపెట్టి, "మాటకు పైసలు తీస్కుంటమా సారూ? ఏదన్న పని ఉంటె తీస్కరాండ్రి" అనెను.

పని యుండెను. మా యింట అటుకపై పాత టేప్ రికార్డరొకటి పదియేండ్లుగా మూగయై పడియున్నది. దానిని పాఱవేయవలెనని యనేకసార్లు తలచితిమి. దానిని మఱునాడే ఆయనకిచ్చితిమి. మావాడును ఇప్పుడొక చిన్న యాంప్లిఫయరును కట్టుచున్నాడు. ట్రాన్స్‌ఫార్మరును ఫ్యూజును ఆ యంగడిలోనే కొనెను, స్పీకరును మాత్రము దూరమునుండి తెప్పించుచున్నాడు. ఏది యెచ్చట కొనుచున్నాడో ఇరువురికిని తెలియును.

చదువరులారా! మీ గృహములలోను ఇట్టి లెక్కలుండకపోవు. దర్జీవద్ద, మందులంగడిలో, పుస్తకశాలలో, విత్తనములమ్మువానివద్ద మనము అడిగి తెలిసికొనినవెన్ని, కొన్నవెన్ని? మీ పిల్లవాడో పిల్లయో ఈ నెల ఏదేని యొక భాగము కావలెనని యడిగినప్పుడు, "ఎంతకు దొరకును?" అను ప్రశ్నతో నిలిచిపోక, "దీనినిగూర్చి నీకెవరు చెప్పిరి?" అని గూడ నొకసారి యడుగుడు.